కార్డు లేని మనవాళ్ళు

సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు హైస్కూలు ఆవరణలో షామియానా వేయించి ఉచిత వైద్య శిబిరం పెట్టిస్తాం. గుంటూరు నుంచో వరంగల్ నుంచో డాక్టర్లను పిలిపిస్తాం. బీపీలు చూపిస్తాం, షుగరు పరీక్షలు చేయిస్తాం, కళ్ళజోళ్ళు పంచుతాం. ఫ్లెక్సీ మీద మన ఫోటో కింద ‘అమెరికా’ అని రాయిస్తాం. మంచి పనే, ఎవరూ కాదనరు. కానీ ఆ అమెరికాలోనే, మనం కాపురముంటున్న ఊళ్ళోనే, కారులో గ్యాస్ కొట్టుకుని లోపలికెళ్తే కౌంటరు వెనక నిలబడి ఉంటాడే తెలుగు కుర్రాడు, వాడికి ఏ టీకాలు పడ్డాయో ఎవరైనా అడిగారా? పడకపోతే డబ్బు లేకుండా ఎక్కడ వేయించుకోవచ్చో చెప్పారా? చెప్పలేదు. మనం చెప్పలేదు.

చెప్పకపోవడం కూడా నేరమేనా అనొచ్చు. తెలిసీ చెప్పకపోతే నేరమే. తెలుసుకోవలసినవాళ్ళు తెలుసుకోకుండా కూర్చుంటే ఇంకా పెద్ద నేరం. అమెరికా తెలుగువాళ్ళం ఈ రెండూ చేశాం. మనలో డాక్టర్లున్నారు, ఫార్మసిస్టులున్నారు, ఆసుపత్రుల బిల్లింగు చూసేవాళ్ళున్నారు. ఇన్సూరెన్స్ కంపెనీల సాఫ్ట్‌వేరు రాసేవాళ్ళు మనలో ఎంతమందో. ఫలానా సూదికి కవరేజి ఉందా లేదా అని తేల్చే కోడు మన చేతుల మీదుగా వెళ్ళిందే. అలాంటి మనకు ఇన్సూరెన్స్ కార్డు లేనివాడి గతి తెలియదంటే నమ్మేదెవరు?

అమెరికాలో 2023లో ఏ ఇన్సూరెన్సూ లేనివాళ్ళు 2 కోట్ల 60 లక్షల మంది. అందులో టెక్సాస్‌ది దేశంలోనే పైస్థానం. ఈ అంకె వినగానే మన మనసులో మెదిలే మొహాలు వేరే జాతులవి, వేరే భాషలవి. ‘పాపం వాళ్ళు’ అనుకుంటాం. మనవాళ్ళు ఆ లెక్కలో ఉంటారని తోచదు. ఎందుకు ఉండరు? ఎమ్మెస్ అయిపోయి యూనివర్సిటీ ఇన్సూరెన్స్ గడువు తీరిపోయి, ఓపీటీ (చదువు తర్వాత ఇచ్చే తాత్కాలిక పని అనుమతి) మీద ఉద్యోగం వెతుక్కుంటున్న పిల్ల ఉంది. ప్రాజెక్టు లేదని బెంచి మీద కూర్చోబెట్టి జీతంతోపాటు ఇన్సూరెన్సూ ఆపేసిన కన్సల్టెన్సీలో చిక్కుకున్న కుర్రాడున్నాడు. దేశీ రెస్టారెంటు వంటింట్లో పొద్దున్నుంచి దోసెలు పోసే వంటమనిషి ఉన్నాడు. మన పిల్లల్ని పగలంతా చూసుకునే ఆంటీ ఉంది. మన ఇంట్లోనే ఉంటుంది, నెల తిరగ్గానే నగదు చేతిలో పెడతాం, ఆవిడకు ఒంట్లో బాగోకపోతే ఎక్కడికెళ్తుందో అడగం. గ్రీన్‌కార్డు మీద వచ్చిన 65 దాటిన తల్లిదండ్రులున్నారు. వాళ్ళకు ఇక్కడ పని చేసిన చరిత్ర లేదు గనక వృద్ధుల ప్రభుత్వ ఇన్సూరెన్స్ మెడికేర్ డబ్బు పెట్టి కొనాలన్నా ఐదేళ్ళు ఆగాలి, పేదలకిచ్చే మెడికెయిడ్‌కూ చాలాచోట్ల ఐదేళ్ళ గడువే. మార్కెట్‌ప్లేస్‌లో పాలసీ కొనొచ్చు గానీ ఆ వయసుకు పడే ప్రీమియం చూసి ‘ఏదైనా వస్తే చూద్దాంలే’ అంటాం. ఇక పేరుకు ఇన్సూరెన్స్ ఉండి అందులో టీకా లేనివాళ్ళు ఇంకో గుంపు. విజిటర్ ఇన్సూరెన్స్ మీద ఆరు నెలలు ఉండిపోయే అమ్మానాన్నలంతా ఆ గుంపే.

ఈ అమ్మల దగ్గర కాస్త ఆగాలి. మన వైఫల్యం అన్నిటికన్నా స్పష్టంగా కనబడేది ఇక్కడే.

కూతురికో కోడలికో నెలలు నిండుతున్నాయంటే ఊళ్ళో అమ్మ బయల్దేరుతుంది. ఆవిడ పెట్టెలో బాలింత కారం పొట్లం ఉంటుంది, వసకొమ్ము ఉంటుంది, మెత్తటి పాత నేతచీరల గుడ్డలుంటాయి. పెట్టె 23 కేజీలు దాటిందా అని వీడియో కాల్‌లో మనమే దగ్గరుండి తూయిస్తాం. వీల్‌చెయిర్ బుక్ చేస్తాం, ఇమిగ్రేషన్‌లో ఏం అడిగితే ఏం చెప్పాలో కాగితం మీద తెలుగులో రాసి పంపిస్తాం. ఇన్ని జాగ్రత్తలు తెలిసిన మనం ఒక్క మాట మర్చిపోతాం. పసిబిడ్డకు కోరింత దగ్గు టీకా రెండో నెలలో గానీ మొదలవదు. అంతవరకూ ఆ బిడ్డకు ఉన్న రక్షణ రెండే: తల్లి ఏడో నెల వచ్చాక వేయించుకున్న టీడాప్ సూది ఒకటి, చుట్టూ తిరిగే పెద్దవాళ్ళకు ఆ జబ్బు లేకపోవడం రెండోది. అందుకే బిడ్డను ఎత్తుకోబోయే అమ్మమ్మలూ తాతయ్యలూ కనీసం రెండు వారాల ముందే టీడాప్ వేయించుకోవాలని ఇక్కడి పిల్లల డాక్టర్లు చెప్తారు. తల్లికి ఆఫీసు ఇన్సూరెన్స్ ఉంది, రూపాయి పడకుండా సూది పడిపోతుంది. అదే ఇంట్లో బిడ్డకు రోజూ నలుగు పెట్టి, కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నీళ్ళు పోసే అమ్మమ్మకు పడదు. విజిటర్ పాలసీలో టీకాలు ఉండవు. ఉండవని పాలసీ కొన్న మనకు తెలుసు. విజయవాడలోనో హనుమకొండలోనో ప్రైవేటు ఆసుపత్రిలో బయల్దేరే ముందే వేయించొచ్చనీ తెలుసు. ఇక్కడికొచ్చాక ఫార్మసీకి తీసుకెళ్ళి మన జేబులోంచి పెట్టినా సీమంతం నాటి బెలూన్ల ఖర్చుకు మించదు. చేయించం. 2024లో అమెరికాలో కోరింత దగ్గు కేసులు 35 వేలు దాటాయి. ఇది పాత పుస్తకాల్లో జబ్బు కాదు.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పుకోవాలి. ప్రభుత్వ ఖర్చుతో పెద్దలకు ఇచ్చే టీకాలు కొద్దిగా ఉంటాయి. ఏడాదికి రెండు లక్షల డాలర్లు సంపాదించే కొడుకు తన తల్లిని ఆ వరసలో నిలబెట్టడం న్యాయం కాదు. ఆ సూది పైన చెప్పిన వంటమనిషిది, ఆ ఆంటీది. సర్పి రాకుండా 50 దాటినవాళ్ళకు వేసే షింగ్రిక్స్ రెండు డోసులు, ఒక్కోటి దాదాపు 200 డాలర్లు. ఇద్దరు తల్లిదండ్రులకు కలిపి 800. ఆ డబ్బు మన దగ్గరుంది. లేదని చెప్పే మొహం మనకు లేదు, మొన్న తెలుగు సంఘం కన్వెన్షన్‌లో బాంక్వెట్ టేబుల్‌కు ఎంత పెట్టామో మనకే తెలుసు. పెట్టగలిగీ పెట్టకపోవడం మన మొదటి తప్పు. పెట్టలేనివాడికి దారి చెప్పకపోవడం రెండోది. ఈ రెండోదే పెద్దది.

దారి లేక కాదు. సన్నటి దారే గానీ, ఉంది.

1962లో అధ్యక్షుడు కెనడీ సంతకం చేసిన టీకా సహాయ చట్టంతో ఫెడరల్ ప్రభుత్వం రాష్ట్రాలకు టీకాల కోసం డబ్బివ్వడం మొదలైంది. ప్రజారోగ్య చట్టంలో దానికి వీలిచ్చే సెక్షన్ నంబరు 317. అప్పుడు దృష్టంతా పిల్లల మీదే: పోలియో, కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం. తర్వాత 1989 నుంచి 1991 దాకా దేశమంతా తట్టు విరుచుకుపడింది. 55 వేల కేసులు, 120 మందికి పైగా చావులు. టీకా కొనుక్కోలేని కుటుంబాల పిల్లలు ఎక్కువగా బలయ్యారు. దేశం సిగ్గుపడింది. 1993లో చట్టం చేసి, 1994 అక్టోబరు నుంచి ‘వ్యాక్సీన్స్ ఫర్ చిల్డ్రన్’ అనే పథకం నడిపించింది. ఇన్సూరెన్స్ లేని పిల్లవాడికి 19 ఏళ్ళు నిండేదాకా టీకాల ఖర్చంతా ప్రభుత్వానిది. ఇది హక్కు. ఎంతమంది పిల్లలుంటే అంత డబ్బు విడుదల కావలసిందే, ఏటా కాంగ్రెసును బతిమాలే పనిలేదు. ఇప్పుడు దానికి ఏడాదికి 500 కోట్ల డాలర్లకు పైనే ఖర్చవుతోంది.

పందొమ్మిదో పుట్టినరోజున ఆ హక్కు ఆగిపోతుంది. ఆ మర్నాటి నుంచి ఇన్సూరెన్స్ లేని మనిషికి మిగిలేది 317 డబ్బు. అది హక్కు కాదు, దయ. కాంగ్రెసు ఏ ఏటికా ఏడు ఎంత విదిలిస్తే అంత. ఈ మధ్య ఏళ్ళలో 68 కోట్ల డాలర్ల చొప్పున వచ్చింది. అందులోంచే రాష్ట్రాల టీకా విభాగాల జీతాలు, శీతల నిల్వ, కంప్యూటర్ రికార్డులు, ఎక్కడైనా జబ్బు అంటుకుంటే పరిగెత్తే మనుషులు. వీటన్నిటికీ పోగా మిగిలినదాంతో పెద్దలకు సూదులు. 2012 అక్టోబరు నుంచి ఇన్సూరెన్స్ ఉన్నవాళ్ళకు ఈ టీకాలు వేయకూడదని నియమం పెట్టారు. సబబే, ఆ కాస్తా లేనివాళ్ళకే చేరాలి. ఫలితం మాత్రం రాష్ట్రానికొక తీరు. ఒకచోట హెపటైటిస్-బి దొరుకుతుంది, సర్పి టీకా దొరకదు. ఒక కౌంటీలో వారానికి నాలుగు రోజులు, పక్క కౌంటీలో నెలకొకసారి. ఒక తల్లి తన పిల్లలిద్దరికీ అన్ని టీకాలూ హక్కుగా వేయించుకుని, తనకేమీ లేకుండా అదే క్లినిక్కు మెట్లు దిగి వెళ్ళడం ఈ దేశంలో రోజూ జరిగే సంగతి.

అయినా ఉన్న దారి పేరు చెప్పగలం కదా. టెక్సాస్‌లో దాని పేరు ‘అడల్ట్ సేఫ్టీ నెట్’. కాలిఫోర్నియాలో, న్యూయార్క్‌లో ‘వ్యాక్సీన్స్ ఫర్ అడల్ట్స్’ అంటారు. కౌంటీ ఆరోగ్య శాఖల క్లినిక్కుల్లో, ఆదాయాన్ని బట్టి ఫీజు తీసుకునే కమ్యూనిటీ హెల్త్ సెంటర్లలో ఈ టీకాలుంటాయి. సూది వేసినందుకు చిన్న రుసుము అడగొచ్చు. డాలస్ ఫ్రిస్కోలోనో, న్యూజెర్సీ ఎడిసన్‌లోనో పదిమంది తెలుగువాళ్ళను ఆపి ఈ పేర్లు అడగండి. బిర్యానీ ఎక్కడ బాగుంటుందో పదిమందీ చెప్తారు. ఈ పేర్లు ఒక్కరు చెప్తే గొప్ప. ఈ పేర్లు తెలియకపోవడం గ్యాస్ స్టేషన్ కుర్రాడి తప్పు కాదు. వాడు పన్నెండు గంటలు నిలబడి ఇంటికొచ్చి పడుకుంటాడు. తెలుసుకుని చెప్పవలసినవాళ్ళం మనం.

చెప్పలేదు సరే, చెడగొట్టాం కూడా. ‘గవర్నమెంటు ఫ్రీగా ఇచ్చేది ఏది తీసుకున్నా గ్రీన్‌కార్డు పోతుంది’ అనే మాట మన వాట్సాప్ గ్రూపుల్లో ఎన్నేళ్ళుగా తిరుగుతోందో అందరికీ తెలుసు. పబ్లిక్ చార్జ్, అంటే ప్రభుత్వానికి భారమయ్యే మనిషి అన్న ముద్ర, పడుతుందనే భయం ఊరికే పుట్టలేదు, 2019లో ఆ నిబంధనను నిజంగానే బిగించారు. అయితే టీకాల సంగతి వేరు. వలసదారులకు చాలా సంక్షేమ పథకాలను మూసేసిన 1996 నాటి చట్టమే, అంటువ్యాధుల టీకాలకు ఇచ్చే ప్రజారోగ్య సాయాన్ని ఆ మూసివేత నుంచి మినహాయించింది. 1999 నాటి పబ్లిక్ చార్జ్ మార్గదర్శకాలు టీకాలు లెక్కలోకి రావని విడిగా చెప్పాయి. 2019 నిబంధన కూడా వాటిని ఆ జాబితాలో చేర్చలేదు. నిబంధనలు మారుతుంటాయి, ఎవరి పరిస్థితి వాళ్ళు లాయరును అడగాల్సిందే. కానీ మనం అడగలేదు, అడగమని చెప్పలేదు. వచ్చిన ఫార్వర్డును ఇంకో పది గ్రూపులకు తోసి ‘జాగ్రత్త బ్రో’ అని పెట్టాం. చదువుకున్నవాళ్ళం పుట్టించిన భయం చదువుకోని వంటమనిషి దగ్గరికి వెళ్ళేసరికి చట్టమై కూర్చుంది.

అదే 1996లో ఇంకో చట్టం వచ్చింది. గ్రీన్‌కార్డు కోరేవాళ్ళు టీకాలు వేయించుకున్నట్టు చూపించాలన్నది దాని షరతు. మనలో చాలామందికి పెద్దయ్యాక పడ్డ సూదులన్నీ దాని పుణ్యమే. ఇమిగ్రేషన్ వైద్య పరీక్ష చేసే సివిల్ సర్జన్ దగ్గరికెళ్ళి, ఒకే రోజు రెండు చేతులకూ పొడిపించుకుని, సీలు వేసిన కవరు తెచ్చి ఫైల్లో పెట్టాం. ఫైలు కోసం వేయించుకున్నాం గనక అది ఆరోగ్యం సంగతి అని ఎన్నడూ అనుకోలేదు. గ్రీన్‌కార్డు చేతికొచ్చింది, టీకా మాట మర్చిపోయాం. ఫైలే లేనివాడికి ఆ కవరూ లేదు, ఆ సూదులూ లేవు.

హెపటైటిస్-బి సంగతి చూడండి. లివరును లోలోపల తినేసే జబ్బు. భారతదేశంలో దాదాపు 3 కోట్ల మంది దానితో బతుకుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మన సార్వత్రిక టీకా కార్యక్రమంలో ఈ టీకా దేశమంతటికీ చేరింది 2011లో. అంటే ఇవాళ ఇక్కడున్న పెద్ద వయసు తెలుగువాళ్ళలో చాలామందికి చిన్నప్పుడు ఈ సూది పడే అవకాశమే లేదు. 2022లో అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 19 నుంచి 59 ఏళ్ళ వాళ్ళందరికీ ఈ టీకా అవసరమని చెప్పింది. ఇంత సూటిగా మనకు తగిలే సంగతిని ఏ ఉగాది సభలోనైనా ఎవరైనా మైకులో చెప్పగా విన్నారా?

ఈ టీకా చరిత్రలో మన ఊరి పేరు కూడా ఉంది, అందుకే ఇంకా బాధ. నెల్లూరు జిల్లాకు చెందిన కె.ఐ. వరప్రసాద రెడ్డి హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్ పెట్టి 1997లో షాన్‌వ్యాక్-బి తెచ్చారు. దిగుమతి టీకా వందల రూపాయలు పలికే రోజుల్లో మామూలు మనిషి కొనగలిగే ధరకు దించారు. కోవిడ్ నాటికి, హ్యూస్టన్‌లో పేటెంటు పెట్టకుండా తయారుచేసిన టీకాను హైదరాబాద్‌లోని బయొలాజికల్-ఇ కోర్బెవ్యాక్స్ పేరుతో ఉత్పత్తి చేసింది. టెక్సాస్‌కూ హైదరాబాద్‌కూ ఇంత దగ్గరి టీకా చుట్టరికం ఉంది. సభల్లో వీటిని గొప్పగా చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా. ఆ టెక్సాస్‌లోనే సూది పడని తెలుగువాడి పేరు మాత్రం ఎత్తం.

మనకు చేతకాదా అంటే, చేతనవును. 2021 వేసవిలో ఇండియా ఊపిరాడక కొట్టుకుంటుంటే ఆక్సిజన్ కాన్సంట్రేటర్లు కొని విమానాలెక్కించాం. అదే ఏడాది ఇక్కడ గుళ్ళ ఆవరణల్లో కోవిడ్ టీకా శిబిరాలు నడిచాయి. ఇన్సూరెన్స్ కార్డు ఉందా అని ఎవరూ అడగలేదు. టీకా ఫెడరల్ ప్రభుత్వం కొన్నది, వచ్చినవాడికల్లా వేశారు. సాఫ్ట్‌వేరు మేనేజరూ, వంటమనిషీ ఒకే వరసలో ప్లాస్టిక్ కుర్చీల్లో పావుగంట కూర్చుని లేచెళ్ళారు. పెద్దలకు కూడా ఇలా చేయొచ్చని ఈ దేశం నిరూపించింది, మన కళ్ళెదుటే.

2023 సెప్టెంబరులో ఆ టీకా బజారు సరుకైంది. ఇన్సూరెన్స్ లేని, ఉన్నా చాలని పెద్దల కోసం 110 కోట్ల డాలర్లతో ‘బ్రిడ్జ్ యాక్సెస్’ అనే తాత్కాలిక పథకం పెట్టారు. పెద్ద ఫార్మసీ షాపుల్లో కూడా ఉచితంగా వేసేవారు. అది 2024 డిసెంబరు దాకా నడవాలి. 2024 మార్చిలో కాంగ్రెసు మిగిలిన కోవిడ్ నిధులను వెనక్కి లాక్కుంది, పథకం ఆగస్టుకే ఆగిపోయింది. పిల్లలకున్నట్టే పెద్దలకూ శాశ్వతంగా ‘వ్యాక్సీన్స్ ఫర్ అడల్ట్స్’ అనే జాతీయ పథకం పెట్టాలని బైడెన్ ప్రభుత్వం బడ్జెట్ ప్రతిపాదనల్లో మళ్ళీ మళ్ళీ రాసింది. కాంగ్రెసు పట్టించుకోలేదు.

ఆ ప్రతిపాదన మీద మన సంఘాలు ఒక్క ఉత్తరం రాశాయా? మన ఇళ్ళలో ఫండ్‌రైజర్లు జరుగుతాయి. కాంగ్రెసు సభ్యులు వచ్చి సమోసాలు తిని, మన పిల్లల కూచిపూడి చూసి, చెక్కులు పట్టుకెళ్తారు. వాళ్ళను పట్టుకుని గ్రీన్‌కార్డు బ్యాక్‌లాగ్ గురించి అడుగుతాం, అడగాల్సిందే. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్‌-1బీ దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము అని ప్రకటన వచ్చిన రాత్రి మనలో నిద్రపోయినవాళ్ళు తక్కువ. లాయర్లకు ఫోన్లు, జూమ్ మీటింగులు, సెనేటర్లకు ఈమెయిళ్ళు. తెల్లారేసరికి మనకు ఎంత గొంతుందో మనకే తెలిసింది. ఆ గొంతు టీకా లేనివాడి కోసం ఒక్కసారి లేవలేదు. వాడికి ఓటు లేదు, మనకు వాడితో పనిలేదు. కఠినంగా ఉన్నా ఇదే నిజం.

పట్టించుకోకపోతే ఏమవుతుందో చూడాలంటే శాన్ డియాగో చాలు. 2016 చివర్లో అక్కడ రోడ్ల మీద బతికే ఇళ్ళులేనివాళ్ళలో హెపటైటిస్-ఎ పాకింది. దానికి అమెరికాలో 1995 నుంచే టీకా ఉంది. 2017 సెప్టెంబరులో అత్యవసర పరిస్థితి ప్రకటించేదాకా నత్తనడక. నర్సులు వీధుల వెంట తిరిగి టీకాలు వేశారు, ఫుట్‌పాత్‌ల మీద చేతులు కడుక్కునే తొట్లు పెట్టారు. ఆగేసరికి 592 కేసులు, 20 చావులు. ఆ జబ్బు అక్కడితో ఆగక మరెన్నో రాష్ట్రాలకు పాకి, 44 వేల మందికి పైగా పట్టుకుని 400 మందికి పైగా చంపింది. చచ్చినవాళ్ళలో మనవాళ్ళు లేరు గనక మన పత్రికల్లో రాలేదు. నేనూ రాయలేదు, మీరూ అడగలేదు.

తర్వాతి పాఠం మన గుమ్మంలోకే వచ్చింది. 2025 జనవరిలో పశ్చిమ టెక్సాస్‌లోని గెయిన్స్ కౌంటీలో తట్టు మొదలైంది. ఆగస్టుకు ముగిసేసరికి రాష్ట్రంలో 762 కేసులు, ఇద్దరు పిల్లల చావు. మంట ఇంకా ఆరకముందే, మార్చిలో ఫెడరల్ ప్రభుత్వం రాష్ట్రాలకిచ్చిన ప్రజారోగ్య గ్రాంట్లను కోసేసింది. డాలస్ కౌంటీ 50కి పైగా టీకా శిబిరాలను రద్దు చేసుకుంది, మనుషుల్ని తీసేసింది. డాలస్! గుడి నుంచి గ్రోసరీ దాకా మనవాళ్ళు ఎదురుపడే డాలస్. ఆ వారం మన గ్రూపుల్లో ఏం నడిచిందో గుర్తు తెచ్చుకోండి. సినిమా ప్రీమియర్ టికెట్లు, ఇళ్ళ వడ్డీ రేట్లు, టెస్లా కార్ల బేరాలు. రద్దయిన శిబిరాల మాట ఉంటే ఎవరైనా నాకు చూపించండి, ఈ వ్యాసం వెనక్కి తీసుకుంటాను.

అదే ఏడాది జూన్‌లో, ఏ టీకా ఎవరికి అవసరమో చెప్పే జాతీయ సలహా సంఘంలోని 17 మంది నిపుణులనూ ఒక్కసారే తొలగించారు. ఇన్సూరెన్స్ కంపెనీలు టీకాను ఉచితంగా ఇవ్వాలన్న 2010 నాటి చట్టం ఆ సంఘం సిఫారసులకే ముడిపడి ఉంది. కాబట్టి ఇన్సూరెన్స్ కార్డు జేబులో ఉందన్న మన ధీమా కూడా ఇదివరకంత గట్టిది కాదు. ఇది చెప్పి మిమ్మల్ని భయపెట్టి కదిలించాలని లేదు. మన చర్మానికి తగిలితేనే లేస్తామంటే ఈ ఆత్మవిమర్శకు అర్థం లేదు.

మనలో డాక్టర్లతో విడిగా ఒక మాట. కన్వెన్షన్‌లో మీకో సభ ఉంటుంది, దానికి వైద్య శిక్షణ క్రెడిట్లుంటాయి, విందు ఉంటుంది. బయట హాల్లో హెల్త్ ఫెయిర్ బల్ల దగ్గర బీపీ చూసి పంపించేస్తారు. ఆ బల్ల మీద పక్క కౌంటీలో ఇన్సూరెన్స్ లేని పెద్దలకు టీకాలు ఎక్కడ దొరుకుతాయో తెలుగులో అచ్చేసిన ఒక్క కాగితం పెట్టడానికి ఎంత శ్రమ? ఫార్మసిస్టులున్నారు, నర్సులున్నారు, అచ్చువేయించే స్పాన్సర్లున్నారు. లేనిది ఆలోచన ఒక్కటే. ఆ కాగితం అడగకుండా సభాహాల్లో కుర్చీలు నింపిన మా అందరికీ ఇందులో వాటా ఉంది.

కాబట్టి ఇది చదువుతున్నవాళ్ళను అడిగేది ఇదీ. మీ కౌంటీ ఆరోగ్య శాఖకు ఈ వారం ఫోన్ చేయండి. ఇన్సూరెన్స్ లేని పెద్దలకు ఏ టీకాలున్నాయి, ఏ రోజుల్లో, ఏ కాగితాలు కావాలి, ఎంత రుసుము అని అడిగి తెలుగులో రాసుకోండి. ఆ కాగితాన్ని గ్రోసరీ షాపు గోడ మీద, గుడి నోటీసు బోర్డు మీద, గ్యాస్ స్టేషన్ కౌంటరు మీద పెట్టించండి. మీ ఇంటికి వస్తున్న అమ్మకు టీడాప్ అక్కడే వేయించి విమానం ఎక్కించండి. లేదా ఇక్కడ మీ డబ్బుతో వేయించండి. మీ ఇంట్లో పనిచేసే ఆంటీని ఒకరోజు సెలవు జీతంతో క్లినిక్‌కు మీరే దింపండి. ఈసారి మీ ఇంటికొచ్చిన కాంగ్రెసు సభ్యుణ్ణి, పిల్లలకున్న హక్కు పెద్దలకెందుకు లేదని అందరి ముందూ అడగండి. మీ సంఘం కార్యవర్గ సమావేశం ఈ నెలలో ఉంటే ఎజెండాలో ఈ అంశం చేర్పించండి. వద్దంటే, ఎవరు వద్దన్నారో, ఎందుకన్నారో మినిట్స్‌లో రాయించండి.